మిషిగన్‌లో కారు కొంటున్న మేనకోడలికి

చిరంజీవి చిన్నికి మామయ్య ఆశీస్సులు.

డల్లాస్ నుంచి నోవైకి మారుతున్నావని, రాగానే కారు కొంటున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. నీ జీతంతో నువ్వు కొనుక్కుంటున్నావంటే ఎంత సంతోషమేసిందో! ఆ వెంటనే, "ఇన్సూరెన్స్ అన్నిటికంటే తక్కువది తీసుకుంటుందట" అంది. అప్పటినుంచీ నాకు ఒకటే టెన్షన్.

లైసెన్స్ మార్చుకో, నాలుగు చోట్ల ఇన్సూరెన్స్ కోట్ (ప్రీమియం ఎంతో చెప్పే అంచనా) తీసుకో. ఇవి నీకు తెలిసినవే.

టెక్సాస్‌లో కనీసం 30/60/25 ఉంటే చాలు. ఎదుటివాళ్లలో ఒక మనిషి గాయాలకు 30 వేల డాలర్లు, యాక్సిడెంట్ మొత్తంలో గాయాలకు 60 వేలు, వాళ్ల ఆస్తి నష్టానికి 25 వేలు. తప్పు ఎవరిదైతే వాళ్ల ఇన్సూరెన్స్ కడుతుంది. మిషిగన్‌ లెక్క వేరు. ఇక్కడ 1973 నుంచి నో-ఫాల్ట్ చట్టం ఉంది. తప్పు ఎవరిదైనా సరే, నీ వైద్యం ఖర్చు, పనికి వెళ్లలేని రోజుల జీతంలో కొంత నీ ఇన్సూరెన్సే ఇస్తుంది. దాన్నే పీఐపీ అంటారు.

మరి కారు సంగతి? అక్కడే అందరూ బోల్తాపడతారు. నా స్నేహితుడొకడు 2015లో నీలాగే టెక్సాస్ నుంచి వచ్చాడు. పాత క్యామ్రీ రొక్కం పెట్టి కొన్నాడు. లోన్ లేదు కాబట్టి కొలిజన్, అంటే గుద్దుకున్నప్పుడు మన కారు నష్టానికి మన ఇన్సూరెన్సే కట్టే కవరేజీ, తీసుకోమని అడిగే బ్యాంకు లేదు, తనూ వద్దనుకున్నాడు. మంచు పడిన ఒక సాయంత్రం రెడ్ సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనక నుంచి పికప్ ట్రక్ జారుకుంటూ వచ్చి గుద్దింది. ఫోన్ చేస్తే నేనే వెళ్లాను. డిక్కీ వెనక సీటు దాకా ముడుచుకుపోయింది. అందులో పెట్టిన పాల డబ్బాలు పగిలి బంపర్ మీద కారి గడ్డకట్టాయి. మనిషికి ఏమీ కాలేదు, దేవుడి దయ. "తప్పు వాడిదేనని పోలీసులే రాశారు, వాడి కంపెనీ కడుతుంది" అని ధీమాగా ఉన్నాడు. కట్టలేదు. ఇక్కడ రోడ్డు మీద నడిచే బండికి దెబ్బ తగిలితే ఎవరిది వాళ్లే బాగు చేయించుకోవాలి. మినీ టార్ట్ అనే నిబంధన కింద తప్పు చేసిన ఎదుటివాడి నుంచి కొంత రాబట్టుకోవచ్చు కానీ అప్పట్లో దానికి పరిమితి వెయ్యి డాలర్లు, ఇప్పుడు 3,000. ఆ వెయ్యితో ఏం కారు వస్తుంది? ఆ చలికాలమంతా వాణ్ణి ఆఫీసుకు నేనే దింపాను.

అందుకని పాత కారైనా కొలిజన్ తీసుకో. "బ్రాడ్ ఫామ్" అని అడిగి మరీ తీసుకో. తప్పులో సగానికి మించి నీది కాకపోతే డిడక్టబుల్ (రిపేరులో ముందు మన జేబులోంచి కట్టే వాటా) కూడా పడదు.

పీఐపీ 2020 జూలై దాకా అందరికీ అపరిమితంగా ఉండేది. ఇప్పుడు 2.5 లక్షల డాలర్లు, 5 లక్షలు, అపరిమితం అని ఎంచుకోమంటున్నారు. నువ్వు అపరిమితమే తీసుకో. ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ ఉందిగా అనకు. తలకో వెన్నెముకకో దెబ్బ తగిలితే ఏళ్ల తరబడి ఇంట్లో మనిషి తోడుండాలి. హెల్త్ ఇన్సూరెన్స్‌లు అంత దూరం రావు. పైగా ఉద్యోగం పోతే అదీ పోతుంది.

లయబిలిటీ, అంటే నీ తప్పువల్ల ఎదుటివాళ్లకి అయిన గాయాలకు కట్టేది, మామూలుగా 250/500 ఇస్తారు (ఒక మనిషికి 250 వేల డాలర్లు, యాక్సిడెంట్ మొత్తానికి 500 వేలు). 50/100కి తగ్గించుకోవడానికి ఒక ఫారం ఉంటుంది. దాని మీద సంతకం పెట్టకు. నో-ఫాల్ట్ అయినా ప్రాణం పోతే, పెద్ద గాయమైతే ఇక్కడా కోర్టుకి లాగుతారు. అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కూడా కలుపుకో. నిన్ను గుద్దినవాడికి ఇన్సూరెన్స్ లేకపోతే పనికొచ్చేది అదే.

ఇక నా అసలు భయం. వేసవిలో అక్కా బావా వస్తున్నారట. నీ కారులో కూర్చున్నారు కదా, నీ పీఐపీ వాళ్లకూ వర్తిస్తుంది అనుకుంటావు. వర్తించదు తల్లీ. 2019లో చట్టం మార్చాక, ఇక్కడ రిజిస్టరై, ఇన్సూరెన్స్ ఉన్న కారు సొంతంగా లేని మిషిగన్ బయటివాళ్లకి పీఐపీ రాదు. బావకి అసలే షుగర్. విమానం ఎక్కకముందే విజిటర్ ఇన్సూరెన్స్ కొను, కారు ప్రమాదాలకు వర్తిస్తుందో లేదో చదివి కొను. నీ పాలసీలో మెడికల్ పేమెంట్స్ (కారులో ఉన్నవాళ్ల వైద్యానికి కొంత ఇచ్చే కవరేజీ) కలపడం కుదురుతుందేమో ఏజెంట్‌ని అడుగు.

కోట్ రాగానే, సంతకం చేయకముందు నాకు వాట్సాప్‌లో పంపు. ప్రీమియం భారమనిపిస్తే కారే ఒక మెట్టు తక్కువది చూద్దాం. శనివారం నేనూ వస్తాను.

మామయ్య