ఇంటి పట్టున అదనపు రాబడి: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: నా వయసు 34 ఏళ్ళు. భర్త నుంచి విడిగా, మూడో తరగతి చదివే కూతురితో తెనాలిలో అద్దె ఇంట్లో ఉంటున్నాను. బట్టల దుకాణంలో లెక్కలు రాస్తే నెలకు 12,000 రూపాయలు ఇస్తున్నారు. అద్దె, బడి ఫీజు, ఆటో ఖర్చు పోగా ఇరవయ్యో తేదీ వచ్చేసరికి చేతిలో ఏమీ ఉండడం లేదు. ఇంటి దగ్గరే డేటా ఎంట్రీ చేస్తే నెలకు 15,000 ఇస్తామని ఫోనుకు సందేశం వచ్చింది. ముందుగా 2,500 రూపాయలు డిపాజిట్ కట్టమంటున్నారు. పెళ్ళికి ముందు కుట్టు నేర్చుకున్నాను. పాత మిషను పుట్టింట్లో ఉన్నది. భరణం కేసు కోర్టులో నడుస్తున్నది కాబట్టి, నేను అదనంగా సంపాదిస్తే అది రాకుండా పోతుందేమోనన్న భయం కూడా ఉన్నది. ఏం చేయమంటారు?
— పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఆ 2,500 రూపాయలు కట్టవద్దు. పని చేయించుకొనేవారు కూలి ఇస్తారే గాని, పని చేయబోయేవారి దగ్గర ముందుగా డబ్బు తీసుకోరు. డిపాజిట్, రిజిస్ట్రేషన్ ఫీజు, సాఫ్ట్‌వేర్ ఖర్చు, ఐడీ కార్డు ఖర్చు అంటూ ఏ పేరు పెట్టినా జరిగేది ఒకటే. ఇలాంటి డేటా ఎంట్రీ మోసాలలో డిపాజిట్‌తో కథ ముగియదు కూడా. వందల పేజీలు టైపు చేయించుకొని, తప్పులు ఎక్కువగా ఉన్నాయని పని తిరస్కరించి, ఒప్పందం ఉల్లంఘించారు కాబట్టి నష్టపరిహారం కట్టాలంటూ వకీలు పేరుతో నోటీసు పంపి బెదిరిస్తారు. కేసు అన్న మాట వినగానే భయపడి అప్పు చేసి మరీ కట్టేవారు ఉంటారు గనుకనే ఈ దందా నడుస్తున్నది. వీడియోలకు లైకులు కొడితే డబ్బు, పేరున్న కంపెనీ పెన్సిళ్ళు ఇంట్లో ప్యాక్ చేస్తే డబ్బు అనే ప్రకటనలూ ఈ కోవకు చెందినవే. మీ బ్యాంకు ఖాతాను కొన్నాళ్ళు వాడుకోనిస్తే కమీషన్ ఇస్తామని ఎవరైనా అంటే అది అన్నింటికన్నా ప్రమాదకరం; ఎక్కడో దోచిన సొమ్ము మీ ఖాతా గుండా వెళ్తే పోలీసులు ముందు వచ్చేది మీ ఇంటికే. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

మీ చేతిలో కుట్టు ఉండగా మరో పని వెతకవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. అయితే మొదటి రోజునుంచే లైనింగ్ జాకెట్లు ఒప్పుకోవద్దు. ఏళ్ళ తరబడి అలవాటు తప్పిన చేతికి కటింగులో ఒక్క అంగుళం తేడా వచ్చినా పట్టుచీర తాలూకు జాకెట్టు గుడ్డ పాడవుతుంది, దాని ఖరీదు మీరే పెట్టుకోవలసి వస్తుంది. చీరలకు ఫాల్ కుట్టడం, జాకెట్లకు హుక్కులు, కాజాలు వేయడం, చేతికుట్టు హెమ్మింగ్ చేయడం వంటి వాటితో మొదలుపెట్టండి. వీటికి మిషనుతో పని లేదు, పాప హోంవర్కు చేసుకుంటూ ఉంటే పక్కన కూర్చొని చేసుకోవచ్చు, మధ్యలో ఆపినా నష్టం ఉండదు. చేతినిండా పని ఉన్న దర్జీలు ఈ చిల్లర పనులను బయటివారికి ఇచ్చి చేయించుకుంటారు. పైగా మీరు పని చేసేది బట్టల దుకాణంలో! చీర కొన్నవారు ఫాల్, పికో ఎక్కడ చేయిస్తారని అక్కడే అడుగుతారు. యజమానితో ముందే ఒక మాట చెప్పి, ఆయన ఒప్పుకుంటే ఆ పనిని మీరు తీసుకోండి. చెప్పకుండా మాత్రం చేయవద్దు, నెల జీతం ఇచ్చేది ఆయనే.

చేయి కుదిరాక, మిషనుకు రిపేరు చేయించి, ఆది జాకెట్టు ఇచ్చేవారికి మాత్రమే మామూలు జాకెట్లు కుట్టండి. ధర చెప్పేముందు మీ వీధిలో ఎంత తీసుకుంటున్నారో కనుక్కొని, ఒక్కో పనికి మీకు ఎన్ని గంటలు పడుతున్నదో వారం పాటు రాసుకోండి. దారం, కరెంటు ఖర్చు తీసేసి గంటకు ఎంత మిగులుతున్నదో చూస్తే, ఏ పని ఒప్పుకోవాలో, దేన్ని వదులుకోవాలో లెక్కలు రాసే మీకు నేను చెప్పనక్కరలేదు. ఇరుగుపొరుగువారు కదా అని అరువు పెట్టవద్దు. బట్ట చేతికి ఇచ్చినప్పుడే డబ్బు తీసుకోవాలి. శ్రావణంలో, దసరా ముందు, పెళ్ళిళ్ళ రోజుల్లో పని మీద పడుతుంది, ఆషాఢంలోనూ మూఢంలోనూ తగ్గుతుంది. అందుచేత శ్రావణంలో వచ్చినదాన్ని చూసి ఏడాదంతా అంతే వస్తుందనుకొని చీటీ గాని, ఈఎంఐ గాని మొదలుపెట్టవద్దు.

కొత్త మిషను కోసం అప్పు చేసే ముందు పీఎం విశ్వకర్మ పథకం గురించి సచివాలయంలో విచారించండి. 2023 సెప్టెంబరులో ప్రారంభమైన ఈ పథకంలోని 18 వృత్తులలో దర్జీ పని ఒకటి. కొద్దిరోజుల ప్రాథమిక శిక్షణలో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం, ఆపైన 5 శాతం వడ్డీతో మొదటి విడత లక్ష రూపాయల వరకు రుణం ఉంటాయి. ఇది సొంతంగా ఆ వృత్తి చేస్తున్నవారికి ఉద్దేశించినది కాబట్టి, ముందు పని మొదలుపెట్టి తరువాత దరఖాస్తు చేయడమే సబబు.

ఇక భరణం విషయం. భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 144వ సెక్షన్, అంటే పాత సీఆర్‌పీసీ 125, తనను తాను పోషించుకోలేని భార్యకూ, పిల్లలకూ వేరువేరుగా భరణం కోరే హక్కు ఇస్తున్నది. మీ పాప హక్కు మీ కుట్టుకూలితో ముడిపడి లేదు. ఇక మీ వరకు, భార్య ఎంతో కొంత సంపాదిస్తున్నదన్న ఒక్క కారణంతో భరణం నిరాకరించకూడదని, ఆ సంపాదన సరిపోతున్నదా లేదా అన్నది చూడాలని న్యాయస్థానాలు అనేక తీర్పులలో చెప్పాయి. అయితే దాచిపెట్టడం పనికిరాదు. రజనీష్ వర్సెస్ నేహా కేసులో 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం భార్యాభర్తలు ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు, ఖర్చులతో అఫిడవిట్ వేయాలి. అందులో జీతంతోపాటు కుట్టుపని రాబడి కూడా ఉన్నదున్నట్లు రాయించండి. నెలకు రెండు వేలు దాచారని అవతలి వకీలు నిరూపించగలిగితే, మీరు చెప్పే మిగతా నిజాలను కూడా కోర్టు అనుమానిస్తుంది. వకీలు ఫీజు భారమైతే, మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉన్నది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

ప్రశ్న: నా భర్త చనిపోయి రెండేళ్ళయింది. ఇద్దరు మగపిల్లలు. వితంతు పింఛను 4,000 వస్తున్నది, డ్వాక్రా సంఘంలో సభ్యురాలిని. పచ్చళ్ళు, పొడులు బాగా చేస్తానని అందరూ అంటారు. అమ్మకం మొదలుపెడితే పింఛను తీసేస్తారా? లైసెన్సు కావాలా?
— ఒక పాఠకురాలు, పాలకొండ

జవాబు: ఆంధ్రప్రదేశ్‌లో పింఛనుకు కుటుంబ ఆదాయ పరిమితి గ్రామాలలో నెలకు 10,000, పట్టణాలలో 12,000 రూపాయలు. చిన్న ఎత్తున పొడులు అమ్మితే ఆ పరిమితి దాటరు. దాటే రోజు వస్తే సంతోషించవలసిందే. నెలకు సగటున 300 యూనిట్ల కరెంటు మించకూడదన్న నిబంధన కూడా ఉన్నది గాని, మిక్సీ వాడినంత మాత్రాన మీకు ఆ బెంగ అక్కరలేదు.

ఆహార పదార్థం అమ్మేవారు ఇంట్లో వండినా కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) దగ్గర నమోదు కావాలి. చిన్న వ్యాపారానికి లైసెన్సు కాక నమోదు మాత్రమే చాలు, రుసుము నామమాత్రం. ఆ 14 అంకెల నంబరును ప్యాకెట్ మీద వేసి, దాంతోపాటు దినుసులు, బరువు, తయారుచేసిన తేదీ, ఎన్నాళ్ళలోపు వాడాలో రాయండి. వ్యాపారంగా గుర్తింపు కోసం చేసుకొనే ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం. దానికి వేలు అడిగే వెబ్‌సైట్లు ప్రభుత్వానివి కావు.

పచ్చళ్ళకన్నా పొడులతో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. ఆవకాయకు వేసవిలో కాయ, నూనె, కారం, ఆవపిండి అన్నింటికీ ఒకేసారి పెట్టుబడి పెట్టి, ఏడాది పొడుగునా కొద్దికొద్దిగా రాబట్టుకోవాలి. ఏ జాడీలోనైనా తడి తగిలి బూజు పడితే పెట్టుబడి పోయినట్లే. కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం అయితే ఈ వారం అమ్మిన డబ్బుతోనే వచ్చే వారం సరుకు కొనుక్కోవచ్చు. సంఘంలో తీసుకొనే అప్పు ఆ మొదటి సరుకు మేరకే ఉండాలి.

ప్రశ్న: భార్య పోయాక అయిదేళ్ళ బాబును ఒక్కడినే పెంచుతున్నాను. ప్రైవేటు పాఠశాలలో లెక్కల మాస్టారిని. సాయంత్రాలు ఇంట్లో ట్యూషన్లు చెబితే సరిపోతుందా?
— ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: మీకు ఇది రుచించకపోవచ్చు గాని, 2009 నాటి విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పరాదంటున్నది. చాలామంది చెబుతూనే ఉన్నారన్నది నిజమే. ఎవరో ఫిర్యాదు చేసిన నాడు ఉద్యోగం పోతే, ఇద్దరు మనుషుల ఇంట్లో రెండో జీతం లేదన్న సంగతి గుర్తుంచుకోండి. గైడ్లు, ప్రశ్నల బ్యాంకులు, పోటీపరీక్షల పుస్తకాలు వేసే ప్రచురణకర్తలకు లెక్కలకు సాధనలు రాసిపెట్టేవారూ, ప్రూఫులు దిద్దేవారూ అవసరమవుతారు. బాబు నిద్రపోయాక చేసుకోదగిన పని అది. దానికి కూడా మీ పాఠశాల నియామకపత్రంలో అభ్యంతరమేమైనా ఉన్నదేమో చూసుకొని, పేజీకి ఎంతో కాగితం మీద రాయించుకొని, మొదటి అధ్యాయం డబ్బు చేతికి వచ్చాకే రెండో అధ్యాయం మొదలుపెట్టండి.