వారెంట్ లేకుండా పోలీసులు తలుపు తడితే

విశాఖపట్నం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

ఎంవీపీ కాలనీ ఇంట్లో పై రెండు వాటాలూ చదువుకునే కుర్రాళ్లకు అద్దెకిచ్చావు. కింద నువ్వూ మీ అత్తగారూ. అల్లుడేమో ఏడాదిలో ఎనిమిది నెలలు ఓడ మీద. పక్క వీధిలో పోలీసులు ఓ ఇల్లు సోదా చేశారని విని, "వారెంట్ లేకుండా అలా వచ్చేయొచ్చా పెదనాన్నా" అని అడిగావు. వచ్చేయొచ్చమ్మా, చాలా సందర్భాల్లో. కానీ ఎవరు పడితే వాళ్లు, ఎలా పడితే అలా రాకూడదు. "వారెంట్ ఏదీ" అని గుమ్మంలో నిలబడి వాదించేవాళ్లకి ఆ తేడా తెలీదు. వచ్చినాయన "అక్కర్లేదు" అని ఒక్క మాట అనగానే తరవాత ఏం అడగాలో తోచక పక్కకి తప్పుకుంటారు. నువ్వు ముందు అడగాల్సింది వేరే ఉంది: "మనిషి కోసం వచ్చారా, వస్తువు కోసం వచ్చారా?" జవాబును బట్టి చట్టం మారిపోతుంది.

2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. అరెస్టు, సోదా ఎలా జరగాలో చెప్పే చట్టం అది. పెద్దవాళ్లు ఇంకా పాత నంబర్లే చెబుతుంటారు. నేను కొత్తవి రాస్తున్నాను.

మనిషి కోసం వస్తే 44వ సెక్షన్. అరెస్టు చెయ్యాల్సినవాడు ఫలానా ఇంట్లో ఉన్నాడని నమ్మడానికి కారణం ఉంటే, ఆ ఇంట్లో ఉంటున్నవాళ్లు లోపలికి రానివ్వాలి, వెతకడానికి సాయపడాలి. ఆ అరెస్టుకే వారెంట్ అక్కర్లేని నేరమైతే ఇంట్లోకి రావడానికీ అక్కర్లేదు. తాను ఫలానా అధికారినని, ఫలానా పని మీద వచ్చానని చెప్పి, లోపలికి రానివ్వమని అడిగినా తలుపు తియ్యకపోతే పగలగొట్టి రావచ్చు. చెప్పడం, అడగడం అయ్యాకే పగలగొట్టడం. ఆ వరస గుర్తుపెట్టుకో. బయటివాళ్లకు కనబడని ఆచారం ఉన్న ఆడవాళ్లు గదిలో ఉంటే, వాళ్లు పక్కకి తప్పుకోవడానికి ముందుగా చెప్పి వీలివ్వాలి.

దీనికి హద్దు ఎక్కడంటే, మనిషిని వెతకడమంటే మనిషి పట్టే చోట వెతకడం. మంచం కింద, అటక మీద, స్నానాల గదిలో చూడొచ్చు. పోపుల డబ్బా మూత తీసి చూస్తే అది మనిషి కోసం వెతకడం కాదు, వస్తువు కోసం సోదా. దానికి వేరే నియమాలున్నాయి. అక్కడ మర్యాదగానే అడుగు: "సార్, ఇప్పుడు సోదా చేస్తున్నారా? అయితే మధ్యవర్తులు కావాలి కదా." మధ్యవర్తులంటే సోదాని చూసే సాక్షులు. అయితే కళ్లెదుట అనుమానాస్పదమైన వస్తువేదైనా కనబడితే 106వ సెక్షన్ కింద స్వాధీనం చేసుకునే అధికారం వాళ్లకుంది. దాన్ని అడ్డుకోకు.

సూర్యాస్తమయం తరవాత, సూర్యోదయం ముందు ఆడవాళ్లని అరెస్టు చెయ్యకూడదు. తప్పనిసరి పరిస్థితైతే మహిళా అధికారి రాతపూర్వకంగా నివేదిక ఇచ్చి మేజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకోవాలి. ఎవరిని అరెస్టు చేసినా కారణం చెప్పాలి, అరెస్టు మెమో రాయాలి, దాని మీద ఇంట్లోవాళ్లో వీధిలో పెద్దమనిషో ఒకరు సాక్షి సంతకం పెట్టాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి.

ఇక వస్తువు కోసం వస్తే 185వ సెక్షన్. గొడవలన్నీ ఇక్కడే వస్తాయి కాబట్టి నెమ్మదిగా చదువు. కేసు దర్యాప్తులో ఉండాలి. స్టేషన్ ఇన్‌చార్జి అధికారికి గానీ, దర్యాప్తు చేస్తున్న అధికారికి గానీ, ఆ కేసుకు కావలసిన వస్తువు ఈ ఇంట్లోనే ఉందని నమ్మడానికి తగిన కారణం ఉండాలి. వారెంట్ తెచ్చుకునేలోగా ఆలస్యమై అది చేజారే పరిస్థితి ఉండాలి. ఆ కారణాన్నీ, ఏ వస్తువు కోసం వెతుకుతున్నారో దాన్నీ సోదాకు ముందే కేసు డైరీలో రాయాలి. ఆ అధికారి స్వయంగా రాలేకపోతే ఎక్కడ, దేనికోసం వెతకాలో రాసిన ఉత్తర్వు కిందివాళ్ల చేతికివ్వాలి. స్టేషన్లో "సెర్చ్ ప్రొసీడింగ్స్" అంటారు. కాబట్టి నువ్వు అడగాల్సింది క్రైమ్ నంబరు (స్టేషన్లో ఆ కేసుకు వేసిన నంబరు), సెర్చ్ ప్రొసీడింగ్స్. ఈ రెండు మాటలు నీ నోట వినగానే వచ్చినవాళ్ల తీరు మారుతుంది, ఎందుకంటే ఆ కాగితాలకి రేపు కోర్టులో జవాబు చెప్పుకోవాల్సింది వాళ్లే.

వేరే స్టేషన్ పరిధివాళ్లు వస్తే 186వ సెక్షన్. మామూలుగా ఇక్కడి స్టేషన్ ద్వారా చేయించాలి. వ్యవధి లేకపోతే నేరుగా రావచ్చు కానీ, ఇక్కడి స్టేషన్‌కి వెంటనే నోటీసు పంపాలి. గంజాయి కేసుల కోసం మన ఊరికి బయట రాష్ట్రాల పోలీసులు కూడా వస్తుంటారు. "ఎంవీపీ స్టేషన్‌కి చెప్పారా సార్" అని అడగడంలో తప్పులేదు.

గంజాయి మాట వచ్చింది కాబట్టి అది చెప్పేస్తాను. మన్యం ఏజెన్సీ నుంచి సరుకు దిగే దారిలో మన ఊరుంది కాబట్టి అద్దె గదుల మీద కన్ను ఉంటుంది. 1985 మాదకద్రవ్యాల చట్టం, అందులో 42వ సెక్షన్. అధికారమున్న అధికారి పగటిపూట వారెంట్ లేకుండా రావచ్చు, తలుపు పగలగొట్టవచ్చు. కానిస్టేబుల్ స్థాయివాళ్లకి ఈ అధికారం లేదు. వచ్చిన సమాచారాన్ని ముందే కాగితం మీద పెట్టాలి. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా అయితే, వారెంట్ కోసం ఆగితే సరుకు మాయమవుతుందనో మనిషి పారిపోతాడనో నమ్మిన కారణం కూడా రాసుకుని రావాలి. ఆ రాతల ప్రతి 72 గంటల్లో పై అధికారికి చేరాలి. ఒంటి మీద సోదా చేసేటప్పుడు, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో చేయించుకునే హక్కు నీకుందని 50వ సెక్షన్ కింద వాళ్లే చెప్పాలి. అది ఒంటికే, చేతిలో బ్యాగుకి వర్తించదు. అన్యాయంగా, వేధించడానికే సోదా చేస్తే 58వ సెక్షన్ కింద ఆ అధికారికి ఆరు నెలల దాకా జైలుంది.

ఇంటి యజమానిగా నీకు దీనికంటే ముఖ్యం 25వ సెక్షన్. తెలిసి కూడా ఇంటిని అలాంటి పనికి వాడుకోనిస్తే, చేసినవాడికి పడే శిక్షే యజమానికీ పడుతుంది. "తెలిసి" అన్న మాట దగ్గరే కేసు నిలవడం, పడిపోవడం. అందుకని అద్దె ఒప్పందం, ఆధార్ నకలు, కాలేజీ గుర్తింపు కార్డు నకలు, తల్లిదండ్రుల ఫోన్ నంబరు లేకుండా గది ఇవ్వకు. ఒక కుర్రాడి పేర రాసి నలుగురు ఉంటుంటే ఆ నలుగురివీ తీసుకో.

తలుపు దగ్గర ఎలా మసలుకోవాలంటే, ముందు గ్రిల్ తాళం తియ్యకుండానే మాట్లాడు. పేరు, హోదా, స్టేషన్ అడుగు. మఫ్టీలో ఉంటే గుర్తింపు కార్డు చూపించమను, పేరు కాగితం మీద రాసుకో. అనుమానమనిపిస్తే 112కి ఫోన్ చేసి, ఫలానా స్టేషన్ వాళ్లమంటున్నారు, నిజమేనా అని కనుక్కో. ఇదంతా రెండు మూడు నిమిషాల పని. తరవాత తాళం తియ్యి. అడ్డంగా నిలబడకు, చెయ్యి పట్టుకోకు, తలుపు నెట్టకు. విధుల్లో ఉన్న ఉద్యోగిని అడ్డగిస్తే, నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 221వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేదా 2,500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చెయ్యి చేసుకుంటే 132, రెండేళ్ల దాకా. వాళ్లు తప్పుగా వచ్చినా సరే, నువ్వు తోసిన ఆ ఒక్క తోపుతో కేసు నీ మీదికి తిరుగుతుంది.

"ఒకసారి చూసి వెళ్లిపోతాం అమ్మా" అంటారు చూడు, దాని విషయంలో జాగ్రత్త. నువ్వు "సరే" అంటే అది నీ ఒప్పుదల. ఇక ఏ సెక్షన్ అని అడిగే పనే ఉండదు. నీకిష్టం లేకపోతే గొంతు పెంచకుండా, "నా అంతట నేను ఒప్పుకోవడం లేదు సార్, చట్టప్రకారం చేస్తానంటే అడ్డుకోను" అని చెప్పు. ఈ వాక్యం నోటికి వచ్చేదాకా అనుకో. తెల్లవారుజామున వీధంతా చుట్టుముట్టి చేసే కార్డన్ సెర్చ్‌కి కూడా ఇదే మాట. ఆ పేరుతో సురక్షా సంహితలో సెక్షన్ ఏదీ లేదు. బండి కాగితాలు అడిగితే చూపించు. ఇంట్లోకి రావాలంటే మాత్రం ఈ ఇంటికి సంబంధించిన కారణం కావాలి. కారణం లేకుండా రాత్రిళ్లు ఇంటికొచ్చి చూసిపోయే పద్ధతిని ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1962లోనే కొట్టేసింది. లోపల ఎవరైనా కేకలు పెడుతుంటే, ప్రాణం మీదికి వస్తే మాత్రం లెక్క వేరు. అప్పుడు ప్రశ్నలు పక్కనపెట్టి దారి ఇవ్వాలి.

పైవాటా కుర్రాళ్ల గది నీ ఇంట్లోనే ఉన్నా, ఉంటున్నది వాళ్లు. వాళ్ల తరఫున "చూసుకోండి" అనకు, మారు తాళంచెవి తీసి చేతిలో పెట్టకు. ముందు కుర్రాడికి ఫోన్ చేసి రమ్మను. చట్టప్రకారమే సోదా అని తేలాక, ఆ కుర్రాడు రాలేకపోతే, ఇల్లు నీ అధీనంలో ఉంది కాబట్టి తియ్యమంటే తియ్యి. "పోలీసువారు కోరగా తీశాను" అని పంచనామాలో, అంటే సోదా మీద రాసే కాగితంలో రాయించు.

సోదా మొదలయ్యే ముందు మూడు చూడు. ఆ వీధివాళ్లో దగ్గరలో ఉండేవాళ్లో ఇద్దరు మధ్యవర్తులు ఉండాలి, వాళ్లు ఏ పక్షంవాళ్లూ కాకూడదు. సెల్‌ఫోన్‌లో వీడియో మొదలవాలి. సురక్షా సంహిత 105, 185 సెక్షన్లు ఇప్పుడు దాన్ని తప్పనిసరి చేశాయి. వస్తువుల జాబితా రాయడం, సంతకాలు పెట్టడం కూడా అందులో రావాలి. వచ్చినవాళ్ల చేతులు, జేబులు ఖాళీగా ఉన్నాయని మధ్యవర్తులకి చూపించమని అడగొచ్చు. ఆ తరవాత వాళ్లు ఏ గదిలో ఉంటే నువ్వూ ఆ గదిలోనే ఉండు. దగ్గరుండి చూసే హక్కు 103వ సెక్షన్ నీకిచ్చింది. హాల్లో కూర్చోమంటే, "చూస్తూ నిలబడతాను సార్, మాట్లాడను" అను. ఒకేసారి రెండు గదుల్లో వెతుకుతుంటే ఒక్కొక్కటిగా చెయ్యమను. ఆడవాళ్ల ఒంటి మీద సోదా ఆడవాళ్లే చెయ్యాలి.

పంచనామా దగ్గర అలసిపోయి సంతకం పెట్టేస్తారు జనం. చెడేదంతా అక్కడే. బంగారమైతే వాళ్లు "పసుపు రంగు లోహపు గొలుసు" అని రాస్తారు. పరీక్ష జరిగేదాకా అలాగే రాస్తారు కాబట్టి దానికి గొడవ పడకు. కానీ ఎన్ని, ఒక్కొక్కటి ఎన్ని గ్రాములు, ఏ బీరువాలో ఏ అరలో దొరికింది, అది రాయించు. గ్రాముల్లేని గొలుసు తిరిగొచ్చేసరికి సన్నబడిందని చెప్పడానికి నీ దగ్గర ఆధారం ఉండదు. డబ్బైతే 500 నోట్లెన్ని, 200 నోట్లెన్ని అని విడివిడిగా. ఫోన్ అయితే కంపెనీ, రంగు, ఐఎంఈఐ నంబరు, రెండు సిమ్‌లుంటే రెండు నంబర్లూ. స్టార్ హాష్ సున్నా ఆరు హాష్ నొక్కితే తెర మీద కనబడతాయి. మొదలైన సమయం, ముగిసిన సమయం ఉండాలి. చివరి వస్తువు కింద ఖాళీ మిగిలితే అడ్డగీత కొట్టించు. ఖాళీ కాగితం మీద సంతకం మాత్రం ఎంత బతిమాలినా పెట్టకు. రాసినదాంట్లో తప్పుంటే సంతకం పక్కనే "ఫలానా వస్తువు నా గదిలో దొరకలేదు" అని నీ చేత్తో రాసి తేదీ, సమయం వెయ్యి. మధ్యవర్తుల సంతకాలున్న నకలు తీసుకోకుండా వాళ్లని గుమ్మం దాటనివ్వకు అనడం లేదు. కానీ నకలు అడిగావని నీ వీడియోలోనో పొరుగువాళ్ల ఎదుటో ఉండాలి. ఏమీ దొరక్కపోతే "ఏమీ దొరకలేదు" అన్న కాగితం కూడా అడుగు.

సోదా తప్పుగా జరిగితే దొరికిన వస్తువు చెల్లదనుకుంటారు చాలామంది. మన దేశంలో అలా కాదు. 1973లో పూరన్‌మల్ కేసులో సుప్రీంకోర్టు, సోదా అక్రమమైనంత మాత్రాన సాక్ష్యాన్ని పక్కన పెట్టక్కర్లేదంది. మాదకద్రవ్యాల కేసుల్లో మాత్రం గట్టిగా చూస్తారు. 42వ సెక్షన్‌ని అసలు పాటించకపోతే కేసే నిలవదని 2009లో కర్నైల్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అందుకే నీ బలమంతా సమాచారం ఎప్పుడు రాశారు, ఎవరు వచ్చారు, ఎన్ని గంటలకు వచ్చారు అన్న వివరాల్లో ఉంది. వాళ్లు వెళ్లిన గంటలోపు ఇవన్నీ నోటుబుక్కులో రాసి పెట్టు. రేపటికి సమయాలు గుర్తుండవు.

185 కింద రాసిన కారణాల నకలు 48 గంటల్లో మేజిస్ట్రేటుకి చేరాలి. ఇంట్లో ఉంటున్న మనిషిగా నువ్వు దరఖాస్తు పెడితే నీకు ఉచితంగా ఇవ్వాలి. మూడో రోజున జిల్లా కోర్టు ఆవరణకి వెళ్లి, క్రైమ్ నంబరు, స్టేషన్, సోదా జరిగిన తేదీ, ఇంటి నంబరు వేసి దరఖాస్తు ఇవ్వు. అక్కడే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని పెడతారు. ఫోన్ 15100. అధికారి తీరు మీద ఫిర్యాదైతే పోలీస్ కమిషనర్ గారికి రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకో.

మీ వీధి గుమ్మం మీది సీసీ కెమెరా వీడియో నిలవుండే డబ్బా కావాలని అడుగుతారు ఒక్కోసారి. వస్తువు అప్పగించమని అడిగే 94వ సెక్షన్ నోటీసు ఇమ్మని, కావలసిన గంటల వీడియో పెన్‌డ్రైవ్‌లో ఇస్తానని చెప్పు. డబ్బానే తీసుకెళ్తామంటే సీరియల్ నంబరు రాయించి రసీదు తీసుకో. వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకుని "మీ ఇల్లు సోదా చేస్తున్నాం, డిజిటల్ అరెస్టు" అనేవాడు ఎవడైనా దొంగే. పెట్టేసి సైబర్ నేరాల నంబరు 1930కి చెప్పు.

మీ అత్తగారికి కూడా ఈ ఉత్తరం చదివి వినిపించు. నువ్వు బజారుకి వెళ్లినప్పుడు గ్రిల్ దగ్గరికి వచ్చేది ఆవిడే.

ఆశీస్సులతో,
పెదనాన్న