జర్మనీలో మొదటి గది, మొదటి నెల

చిరంజీవి సాకేత్‌కి పెద్దమ్మ ఆశీస్సులు.

జర్మనీ వీసా చేతికొచ్చిందని మీ అమ్మ చెప్పింది. అక్టోబరులో క్లాసులంటే ఇంకా రెండు నెలలుంది. సూట్‌కేసులు, పొడులు తను చూసుకుంటుంది. నువ్వు చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. అక్కడి పనులకు ఒక వరుస ఉంది. అది తప్పితే ఒకదాని వెనక ఒకటి ఆగిపోతాయి.

మొదటిది గది. ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు ఊరి కార్యాలయానికి వెళ్లి ఫలానా చిరునామాలో ఉంటున్నానని నమోదు చేయించుకోవాలి. దాన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. నువ్వు ఆ ఇంట్లో చేరావని ఓనరు సంతకం పెట్టిచ్చే కాగితం దానికి కావాలి. అద్దె ఒప్పందం చూపిస్తే సరిపోదు. ఈ నమోదు జరక్కపోతే ట్యాక్స్ నంబరు రాదు, రెసిడెన్స్ పర్మిట్ (వీసా గడువు తర్వాత అక్కడ ఉండటానికిచ్చే అనుమతి) పని ముందుకు సాగదు, చాలాచోట్ల బ్యాంకు ఖాతా కూడా ఆగుతుంది. అందుకే గది చూసేటప్పుడు అద్దె ఎంత అని అడిగేలోపే ‘ఇక్కడ అన్‌మెల్డుంగ్ కుదురుతుందా’ అని అడుగు. మరీ చవగ్గా దొరికే గదుల్లో చాలావాటికి కుదరదు. ఎవరో తన గదిని ఓనరుకు చెప్పకుండా నీకిస్తున్నాడన్నమాట.

యూనివర్సిటీ విద్యార్థుల హాస్టళ్లు స్టుడీరెండెన్‌వెర్క్ అనే సంస్థ చేతిలో ఉంటాయి. వెయిటింగ్ లిస్టు పెద్దది కాబట్టి ఇంకా అప్లై చేయకపోతే ఈ రాత్రే చెయ్యి. బయట గది చూస్తే రెండు మాటలు తెలిసుండాలి. ‘కాల్ట్’ అంటే ఉత్త అద్దె, ‘వార్మ్’ అంటే హీటింగు, నీళ్ల ఖర్చులు కలిపింది. కరెంటు, ఇంటర్నెట్ అందులో ఉన్నాయో లేదో విడిగా అడుగు. డిపాజిట్ కాల్ట్ అద్దెకు మూడు రెట్లు మించకూడదని చట్టం. దాన్ని మూడు నెలల్లో మూడు వాయిదాలుగా కట్టే హక్కు కూడా నీకుంది, ఓనరు తనంతట తను చెప్పకపోవచ్చు. ‘నేను వేరే దేశంలో ఉన్నాను, డిపాజిట్ పంపితే తాళాలు కొరియర్ చేస్తాను’ అన్నవాడు దొంగే. ఫొటోలు ఎంత బాగున్నా సరే, పైసా పంపకు.

గదిలో దిగిన రోజే చేయాల్సిన చిన్న పని ఒకటుంది, సగం మంది మర్చిపోయేది అదే. పోస్టు డబ్బా మీద నీ పేరు అతికించు. అక్కడ ఫ్లాట్ నంబరు చూసి ఉత్తరం వేయరు, డబ్బా మీద పేరు చూసి వేస్తారు. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. బ్యాంకు పిన్, ఇన్సూరెన్స్ కార్డు, ట్యాక్స్ నంబరు అన్నీ పోస్టులోనే వస్తాయి. పాస్‌పోర్టులో ఎలా ఉందో అదే స్పెల్లింగు రాయి. మార్కుల మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక ఉంటే అన్ని దరఖాస్తుల్లోనూ పాస్‌పోర్టు వరుసే పాటించు.

డబ్బు సంగతి. బ్లాక్డ్ అకౌంట్ అంటే ఏడాది ఖర్చు ముందే వేసి, నెలనెలా కొంత మాత్రమే తీసుకోగలిగే ఖాతా. అందులో 2024 సెప్టెంబరు నుంచి అడుగుతున్నది ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకు 992. దిగగానే అది చేతికి రాదు. అక్కడ మామూలు ఖాతా తెరిచి, కాగితాలు పంపి, బ్లాక్డ్ అకౌంట్‌ని యాక్టివేట్ చేయించుకున్నాకే నెలనెలా కదులుతుంది. ఈలోపు మొదటి అద్దె, డిపాజిట్ వాయిదా, తిండి, దుప్పట్లు నీ జేబులోంచే. 1,500 నుంచి 2,000 యూరోలు విడిగా తీసుకెళ్లు. అందులో 300 నోట్లుగా, మిగతాది ఫారెక్స్ కార్డులో. ఆ తర్వాత నెల లెక్క ఇలా ఉంటుంది: తిండికి 200, ఇన్సూరెన్సుకు 150 దాకా, ఫోనుకు 10 నుంచి 15, మిగిలినదాంట్లో అద్దె. మ్యూనిక్‌లో అయితే ఈ లెక్క హాస్టల్ దొరికితేనే నిలుస్తుంది. టీవీ లేకపోయినా రేడియో, టీవీ రుసుము కట్టమని ఉత్తరం వస్తుంది, నెలకు 18.36 యూరోలు. అది మనిషికి కాదు, ఇంటికి. ఫ్లాట్‌లో ఒకరు కడుతుంటే వాళ్ల రుసుము ఖాతా నంబరు రాసి పంపు, నువ్వు కట్టక్కర్లేదు. ఊరుకుంటే మాత్రం బాకీ పేరుకుపోతుంది.

ఇన్సూరెన్సు దగ్గర జాగ్రత్త. నెలకు 30, 40 యూరోలకే ప్రైవేటుది ఇస్తామని ఆశపెడతారు. 30 ఏళ్లలోపు విద్యార్థివి, ప్రభుత్వ బీమా నీకు వస్తుంది. ఒకసారి అది వద్దని రాసిచ్చి ప్రైవేటుకు వెళితే చదువు అయ్యేదాకా వెనక్కి రాలేవు. ఆదా అయ్యేది కొంచెం, ఇరుక్కునేది చాలా. నంబర్లు ఫోన్‌లో వేసుకో: ప్రాణం మీదికొస్తే, మంటలు లేస్తే 112, పోలీసులకు 110. రాత్రివేళ జ్వరం లాంటిది వస్తే డ్యూటీ డాక్టరు కోసం 116117. యాంటీబయాటిక్స్ ప్రిస్క్రిప్షన్ లేకుండా ఇవ్వరు, మన మెడికల్ షాపు అలవాటు అక్కడ పనికిరాదు.

వంట రేపటి నుంచే మొదలుపెట్టు. రాత్రి వంట నీదేనని మీ అమ్మతో చెప్పు, తను వంటింట్లోకి రాకూడదని కూడా చెప్పు. కుక్కర్ స్టీలుది, అడుగు ఇండక్షన్‌కి పనికొచ్చేది, మూడు లీటర్లది కొను. అల్యూమినియంది ఇండక్షన్ మీద వేడెక్కదు. కొన్ని ఇళ్లలో గాజు పలక స్టవ్ ఉంటుంది. అది కట్టేసినా చాలాసేపు కాలుతూనే ఉంటుంది కాబట్టి విజిల్స్ అయ్యాక కుక్కర్‌ని పక్కకు జరపకపోతే అన్నం అడుగంటుతుంది. కందిపప్పుకి ఇండియన్ షాపుకి వెళ్లాలి. ఎర్రటి మైసూరుపప్పు మాత్రం ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా దొరుకుతుంది, కుక్కర్ లేకుండా పావుగంటలో ఉడుకుతుంది. పోపు వేసేటప్పుడు నూనె పొగలు రానీయకు, కిటికీ తెరిచి పెట్టు. హాస్టల్ అలారం నేరుగా ఫైర్ స్టేషన్‌కి కలిపి ఉంటే, బండి వచ్చిన ఖర్చు నీ మీద పడొచ్చు. కరెంటు మనలాగే 230 వోల్టులు, మిక్సీ పనిచేస్తుంది. మూడు పిన్నుల ప్లగ్గుకి గట్టి అడాప్టర్ ఒకటి ఉంటే చాలు.

అసలు మనవాళ్ల డిపాజిట్లు ఎక్కువగా మింగేది బూజు. చలికని కిటికీలన్నీ మూసేసి, లోపల అన్నం ఉడికించి, తడిబట్టలు హీటర్ మీద ఆరేస్తారు. ఆ ఆవిరంతా పోయే దారిలేక చల్లటి గోడమూల మీద నీరై దిగుతుంది. నెల తిరిగేసరికి అక్కడ నల్లటి మచ్చలు. కిటికీని పైనుంచి కాస్త వంచి రోజంతా వదిలేయడం ఇంకా తప్పు, గోడ చల్లబడుతుందే తప్ప తేమ సరిగా పోదు. రోజుకు రెండు మూడుసార్లు, వంట అయ్యాక తప్పనిసరిగా, హీటర్ కట్టేసి కిటికీ బార్లా తెరువు. ఐదు నుంచి పది నిమిషాలు. ఆ తర్వాత మూసి మళ్లీ హీటర్ పెట్టు. బీరువా, మంచం బయటి గోడకు ఆనించకు, నాలుగు వేళ్ల సందు వదులు. చేరిన రోజే గోడమూలలు, బాత్రూమ్, కిటికీ అంచులు ఫొటోలు తీసి ఓనరుకి మెయిల్ చేస్తే పాత మచ్చలు నీ నెత్తిన పడవు.

రాత్రి 10 దాటాక, ఆదివారం రోజంతా మిక్సీ వేయకు. పక్కింటివాళ్లు తలుపు కొట్టరు, నేరుగా ఫిర్యాదు రాస్తారు. చెత్త ఎలా విడదీయాలో మెట్ల దగ్గర అంటించి ఉంటుంది, చదువు. ప్లాస్టిక్ సీసాలు పారేయకు, సూపర్‌మార్కెట్ మిషన్‌లో వేస్తే చాలావాటికి సీసాకు 25 సెంట్లు వెనక్కిస్తారు.

సామాన్లలో మటన్, చికెన్ పచ్చళ్లు, నెయ్యి, పాలకోవా పెట్టొద్దని మీ అమ్మకు గట్టిగా చెప్పు. యూరప్ వెలుపలి నుంచి మాంసం, పాల సరుకు తేవడం నిషేధం. పచ్చి కరివేపాకూ అంతే. ఆవకాయ, కారప్పొడులు పర్వాలేదు. మందంపాటి జాకెట్ ఇక్కడ కొనకు, అక్కడి చలికి తగినది అక్కడే దొరుకుతుంది. నీ ఇండియా సిమ్‌కి రోమింగ్ వేయించు, లేకపోతే ఇక్కడి బ్యాంకు ఓటీపీలు రావు.

వీసా స్టిక్కర్ మీద గడువు తేదీ ఇప్పుడే చూసుకో. రెసిడెన్స్ పర్మిట్ అపాయింట్‌మెంట్ పెద్ద ఊళ్లలో నెలలు పడుతుంది కాబట్టి నమోదు అయిన వారమే అడుగు. గడువులోపు దరఖాస్తు పెట్టుకుంటే నిర్ణయం వచ్చేదాకా ఉండొచ్చు. పార్ట్‌టైమ్ పని ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు, ఆ లెక్క నువ్వే రాసిపెట్టుకో. ఫ్రీలాన్సుగా డెలివరీ పని ఒప్పుకోకు, దానికి విడిగా అనుమతి కావాలి.

టికెట్ ఇంకా తీయలేదట కదా. శని, ఆదివారాలు దిగేలా తీయకు. హాస్టల్ తాళాలిచ్చే మనిషి పనిరోజుల్లోనే, అదీ చాలాచోట్ల పొద్దున పూటే ఉంటాడు. ఆదివారం దుకాణాలన్నీ మూసుంటాయి. అక్టోబరు 3 కూడా జాతీయ సెలవే. సోమవారం నుంచి గురువారం లోపు పొద్దున్నే చేరే విమానం చూసి, తీసే ముందు తాళం ఎప్పుడిస్తారో హాస్టల్‌కి మెయిల్ రాసి కనుక్కో.

ఇట్లు,
మీ పెద్దమ్మ