వెట్ బల్బ్ 38.6 ఎందుకు వస్తోందంటే

మీ లెక్కలో వెట్ బల్బ్ ఉష్ణోగ్రత (వేడినీ తేమనూ కలిపి చూపే కొలత) 38.6 డిగ్రీలు ఎందుకు వస్తోందని అడిగారు. ఫార్ములా సరిగానే ఉంది, తేడా అంతా మీరు కలిపిన అంకెల్లో. 42 డిగ్రీలు మధ్యాహ్నపు గరిష్ఠం, 80 శాతం తేమ తెల్లవారుజాముది. ఆ రెండూ ఒకే గంటలో ఉండవు. అందుకే 38.6 వచ్చి, ఊరు నివాసానికి పనికిరాదని తేలింది.

1. గంటవారీ డేటా తీసుకోండి.
2. ఏ గంట ఉష్ణోగ్రతకు ఆ గంట తేమనే పెట్టండి. చాలామంది తప్పేది ఇక్కడే. 42 డిగ్రీలప్పుడు తేమ 30 శాతమే అయితే స్టల్ ఫార్ములాలో (ఉష్ణోగ్రత, తేమల నుంచి వెట్ బల్బ్ లెక్కకట్టే సూత్రం) వచ్చేది 27.4.
3. ప్రతి గంటకూ వెట్ బల్బ్ లెక్కకట్టాకే రోజు గరిష్ఠం తీయండి.

వెట్ బల్బ్ 35 లోపు ఉంటే భద్రమని మాత్రం దయచేసి రాయకండి. 35 అనేది మనిషి తట్టుకోగల సిద్ధాంతపరమైన హద్దు. 2022లో వెలువడిన పెన్ స్టేట్ (అమెరికాలోని యూనివర్సిటీ) ప్రయోగాల్లో, తేమ ఎక్కువున్నప్పుడు ఆరోగ్యవంతులైన యువతకే వెట్ బల్బ్ 31 దగ్గర శరీర ఉష్ణోగ్రత అదుపు తప్పింది. వృద్ధులకు ఇంకా ముందే తప్పుతుంది.