ఉద్యోగంలో చేరితే ఏడేళ్ల చదువు వృథా అయినట్టేనా?

ప్రశ్న: నాకు 30 ఏళ్లు. మాది నల్గొండ జిల్లాలో ఓ పల్లె. ఏడేళ్లుగా హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నాను. గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది. 2024లో మెయిన్స్ దాకా వెళ్లినా ఉద్యోగం రాలేదు. ఇప్పుడు ఓ ప్రైవేటు సంస్థలో నెలకు 24 వేల జీతానికి రమ్మంటున్నారు. చేరితే ఇన్నేళ్ల కష్టం పోయినట్టే. చేరకపోతే పత్తి అమ్మి నాన్న పంపే డబ్బుతో ఇంకెన్నాళ్లు? నిద్ర పట్టడం లేదు.

జవాబు: 2022 అక్టోబర్ 16న మీరు రాసిన ప్రిలిమ్స్, పేపర్ లీకవడంతో మరుసటి ఏడాది మార్చిలో రద్దయింది. 2023 జూన్‌లో రాసినదాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 503 పోస్టుల నోటిఫికేషనే పోయి, 563 పోస్టులతో కొత్తది వచ్చింది. ఒక్క పరీక్ష కోసం మూడుసార్లు మొదటి నుంచి చదివారు. మీ అలసటను బద్ధకమని ఎవరన్నా నేను ఒప్పుకోను.

ఆ కొత్త నోటిఫికేషన్‌లో గరిష్ఠ వయసు 46 ఏళ్లు. ఈ పరిమితి ఎప్పటికప్పుడు మారుతుంది కాబట్టి ప్రతిసారీ చూసుకోవాల్సిందే. అయినా 30 ఏళ్లకే దారి మూసుకుపోలేదు. చాలామంది దీన్ని ‘ఇంకా టైముంది, గదిలోనే ఉందాం’ అని అర్థం చేసుకుంటున్నారు. నాకైతే ‘టైముంది కాబట్టి వెళ్లి పని చేసుకుని మళ్లీ రావచ్చు’ అనిపిస్తుంది. కాబట్టి ఉద్యోగంలో చేరండి.

చదివిన పాలిటీ, ఎకానమీ ఎక్కడికీ పోవు. పొద్దున రెండు గంటలు, ఆదివారం లైబ్రరీలో ఓ పూట కూర్చుంటే ప్రిలిమ్స్‌కి పట్టు తప్పదు. ఇబ్బందల్లా మెయిన్స్‌తోనే. అన్ని పేపర్లకు జవాబులు రాసే సాధన డ్యూటీ చేస్తూ కుదరదు. 2024లో ప్రిలిమ్స్ జూన్ 9న, మెయిన్స్ అక్టోబర్ 21 నుంచి జరిగాయి. అంటే నాలుగు నెలల పైచిలుకు. అన్నాళ్లు జీతం లేకుండా చదువుకోడానికి ఇప్పటినుంచే నెలకు 6 వేలు పక్కన పెట్టండి. ఏడాదిన్నరలో లక్ష దాటుతుంది. ఈసారి మెయిన్స్‌కి మీ డబ్బుతో కూర్చుంటారు.

నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, మానసిక ఆరోగ్య సాయం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. బతకడం మీదే విసుగు పుడితే మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఒక్కటి అడుగుతాను. ఇంట్లో అప్పు ఎంతుందో మీకు తెలుసా? ఇలా గదుల్లో ఉండి చదివే పిల్లలు చాలామంది భయపడి అడగరు. అడగలేదు కదా అని తండ్రులు చెప్పరు. ఈ ఆదివారం ఊరెళ్లండి. ఫోన్లో కాకుండా నాన్న పక్కన కూర్చుని అడగండి. ఆయన చెప్పే అంకె విన్నాక, 24 వేలు తక్కువో ఎక్కువో ఇద్దరూ కలిసి లెక్క చూసుకోండి.