మామిడి తోటలో 37 రోజులు: మీ సంతకం కాదు, వాళ్ల వాయిస్ మెసేజే ముఖ్యం

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరంలో గంజాయికి అలవాటుపడ్డాడు. హైదరాబాద్ శివార్లలో మామిడి తోటలో నడిచే డీ-అడిక్షన్ సెంటర్‌లో 2024 ఆగస్టు 12న చేర్పించాం. ప్రకృతి ఒడిలో 90 రోజుల్లో నూరు శాతం మానిపిస్తామని బ్రోచర్‌లో వేశారు. 45 రోజులు వాణ్ని చూడనివ్వలేదు. తర్వాత చూస్తే వీపు మీద బెల్టు వాతలు. మొత్తం 1,80,000 కట్టి నవంబర్ 9న ఇంటికి తెచ్చుకున్నాం. ఇప్పటికీ రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడు. మా ఆవిడ నాతో మాట్లాడడం మానేసింది. ఓనర్ 60,000 తిరిగిస్తాను, బాండ్ పేపర్ మీద సంతకం పెట్టమంటున్నాడు. ఒక యూట్యూబ్ ఛానెల్ వాళ్లు వీడియో చేస్తామంటున్నారు. చేర్చేటప్పుడు సంతకం పెట్టింది నేనే కాబట్టి కేసు నిలవదేమో, పైగా మావాడి మీదే గంజాయి కేసు పెడతారేమోనని భయం. నేనేం చేయాలి? - ఒక తండ్రి

జవాబు: మీ ఉత్తరం ఆరు పేజీలు. కేసును నిలబెట్టేది నాలుగో పేజీలో మీరు మాటవరసకు రాసిన ఒక్క సంగతి. అక్టోబర్ 3న "బాబును పంపించేయండి" అని మీరు వాట్సాప్ చేశారు. "కోర్సు మధ్యలో కుదరదు, మిగతా 70,000 కట్టి తీసుకెళ్లండి" అని సెంటర్ ఓనర్ వాయిస్ మెసేజ్ పెట్టాడు. మిగతా పేజీల్లోంచి కేసుకు సంబంధించిన సంగతులు మాత్రమే తీసుకుంటున్నాను.

మత్తు వ్యసనం వల్ల వచ్చే మానసిక స్థితి కూడా 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. అలాంటివారిని ఉంచుకుని చికిత్స చేసే చోటు, అది తోటైనా బంగళా అయినా, 65వ సెక్షన్ కింద రిజిస్టర్ కావాలి. ఆఫీసు గదిలో ఫ్రేము కట్టి ఉన్న సర్టిఫికెట్ చూసి నమ్మానని రాశారు, దాని ఫొటో కూడా పంపారు. అది సొసైటీ రిజిస్ట్రేషన్. సంఘం పెట్టుకున్నామని చెప్పే కాగితమే తప్ప, పిల్లాణ్ని గేటు లోపల పెట్టి తాళం వేసే అధికారం దానితో రాదు.

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల కోసం అదే చట్టంలో 87వ సెక్షన్ ఉంది. చేర్చిన రోజున గానీ, అంతకు ముందు ఏడు రోజుల్లో గానీ ఒక సైకియాట్రిస్టు, ఇంకొక డాక్టరు లేదా మానసిక ఆరోగ్య నిపుణుడు విడివిడిగా పరీక్షించి చేర్చడం అవసరమని తేల్చాలి. పెద్దవాళ్లతో కలిపి ఉంచకూడదు. ఉన్నన్ని రోజులూ తల్లిదండ్రుల్లో ఒకరో, వాళ్లు పెట్టిన మనిషో పక్కనే ఉండాలి. 72 గంటల్లో ఆ చట్టం కింద ఏర్పాటయ్యే మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు తెలియజేయాలి. 45 రోజులు తల్లిదండ్రుల్ని గేటు దాటనివ్వలేదంటేనే ఈ సెక్షన్ అక్కడ అమలు కాలేదని తెలుస్తోంది.

ఇక అసలు పాయింటు. పిల్లాణ్ని పంపించమని సంరక్షకుడు అడిగితే పంపించి తీరాలని అదే సెక్షన్ చెబుతోంది. కోర్సు మధ్యలో ఉన్నాడనో, ఫీజు బాకీ ఉందనో ఆపకూడదు. మీరు చేర్చేటప్పుడు పెట్టిన సంతకం ఆగస్టు 12 నాటిది. అక్టోబర్ 3న మీరు ఆ సమ్మతిని వెనక్కి తీసుకున్నారు. అప్పటినుంచి నవంబర్ 9 దాకా 37 రోజులు మీ అబ్బాయి ఉన్నది అక్రమ నిర్బంధంలో. పది రోజులు దాటిన అక్రమ నిర్బంధానికి భారతీయ న్యాయ సంహిత 127(4) కింద అయిదేళ్ల వరకు జైలు. ఇది పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టదగిన నేరం.

అలాంటి సాక్ష్యాన్ని మీరేం చేశారు? "ఫోన్ మార్చాను, బ్యాకప్ ఉందో లేదో చూసుకోలేదు" అని రాశారు. ఎస్ఎస్‌సీ మెమో ప్రకారం పదహారు కూడా నిండని పిల్లాడికి ఫారంలో 18 అని వాళ్లు రాస్తే చదవకుండా సంతకం పెట్టారు. వాతలు పచ్చిగా ఉన్నప్పుడు ప్రభుత్వాసుపత్రికి వెళ్లకుండా ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఆయింట్‌మెంట్ రాయించుకున్నారు. గట్టిగానే అంటున్నాను, ఈ మూడు పనులూ అవతలి వకీలుకు మీరు చేతికిచ్చిన ఆయుధాలు.

అయినా దారి ఉంది. వయసుకు మెమోయే రుజువు, ఫారంలో అంకె దాని ముందు నిలవదు. పాత ఫోన్ అమ్మలేదని, ఇంట్లోనే ఉందని రాశారు. దాన్ని ఎక్స్ఛేంజ్‌కు ఇవ్వకండి, రీసెట్ చేయకండి. ఆ వాయిస్ మెసేజ్ అప్పట్లో మీ ఆవిడకు ఫార్వర్డ్ చేశారు కాబట్టి ఆమె ఫోన్‌లో ఏదీ డిలీట్ కానివ్వకండి. కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జతచేయాలి. అందులో మొదటి భాగం ఫోన్ గలవారు, రెండోది నిపుణుడు నింపాలి. అది లేకుండా స్క్రీన్‌షాట్ల ప్రింట్లు పట్టుకెళ్తే తొలి వాయిదాలోనే అభ్యంతరం వస్తుంది. బ్రోచర్, యూపీఐ రసీదులు, ఆర్ఎంపీ చీటీ కూడా పారేయకండి.

గడువుల సంగతి జాగ్రత్తగా చదవండి. మానసిక ఆరోగ్య చట్టాన్ని ఉల్లంఘించినందుకు 108వ సెక్షన్ కింద తొలి నేరానికి ఆరు నెలల వరకే జైలు. అలాంటి చిన్న నేరాల్ని కోర్టు విచారణకు తీసుకోవాలంటే ఏడాదిలోపు ఫిర్యాదు ఉండాలి. ఆ ఏడాది 2025 నవంబర్‌తో దాటిపోయింది. ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు గానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు. అక్రమ నిర్బంధం, పిల్లల సంరక్షణ సంస్థలోవాళ్లు హింసిస్తే అయిదేళ్ల దాకా శిక్ష వేసే జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్, ఈ రెండింటికీ ఆ పరిమితి అడ్డురాదు. డబ్బు కోసం వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి మాత్రం రెండేళ్లే, అంటే 2026 నవంబర్ 8 లోపు వేయాలి. ఖమ్మంలోనే వేయొచ్చు, తోట ఉన్న జిల్లాకు వెళ్లక్కర్లేదు. అయిదు లక్షల లోపు చెల్లింపుకు కోర్టు ఫీజు కూడా ఉండదు.

ఆ బాండ్ పేపర్ ముట్టుకోకండి. "మా అబ్బాయి ఇష్టపూర్వకంగా ఉండి వెళ్లాడు, మాకు ఫిర్యాదు లేదు" అని 2024 నవంబర్ తేదీతో రాయమంటున్నాడు. స్టాంప్ ఎప్పుడు కొన్నారో ఆ పేపరు మీదే ఉంటుంది. పాత తేదీ వేసి సంతకం పెట్టిన రోజు నుంచి తప్పుడు కాగితం సృష్టించినవాళ్లలో మీరూ ఒకరవుతారు. పైగా నిర్బంధంలో ఉన్నది మీ అబ్బాయి. మైనర్ తరఫున అలాంటి కేసులో రాజీ కోర్టు అనుమతితోనే సాధ్యం. 60,000కు మీరు అమ్మేస్తే అమ్ముడుపోయే హక్కు కాదది. యూట్యూబ్ వాళ్లనూ పంపించేయండి. బాధిత పిల్లాణ్ని గుర్తుపట్టేలా పేరో, ముఖమో, చదివే కాలేజీయో బయటపెడితే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం.

మీవాడి మీద కేసు భయం వదలండి. ఎప్పుడో పీల్చాడన్న మాట ఒక్కటే గంజాయి కేసుకు సరిపోదు. ఏదైనా వచ్చినా మైనర్ కాబట్టి జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది. ఆ భయాన్ని పెంచి మీ నోరు మూయించడం ఓనర్‌కు లాభం.

ఈ వారంలో మూడు స్పీడ్ పోస్టులు పంపండి. మెడికల్ రికార్డు ఇవ్వమని మానసిక ఆరోగ్య చట్టం 25వ సెక్షన్ కింద సెంటర్‌కు ఒకటి. ఆగస్టు-నవంబర్ 2024లో ఆ చిరునామాకు 65వ సెక్షన్ రిజిస్ట్రేషన్ ఉందా అని రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీకి ఆర్టీఐ ఒకటి. మీ అబ్బాయి గురించి 72 గంటల్లో సమాచారం వచ్చిందా అని రివ్యూ బోర్డుకు ఇంకొకటి. ఆర్టీఐ జవాబుకు 30 రోజులు పట్టొచ్చు, దానికోసం పోలీసు ఫిర్యాదు ఆపకండి. మీకు దగ్గరి స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇచ్చి జీరో ఎఫ్ఐఆర్ (నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా కట్టే ఎఫ్ఐఆర్) కట్టమనండి. ఎస్ఐ తీసుకోకపోతే పోలీస్ కమిషనర్‌కు పోస్టులో పంపి, ఆ రసీదుతో మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లండి.

అన్నిటికంటే ముందు పిల్లాణ్ని ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి. బయల్దేరేలోపు మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉంది. రాత్రిళ్లు ఎందుకు లేస్తున్నాడో వాణ్నే డాక్టరుకు చెప్పనివ్వండి, మీరు గది బయట కూర్చోండి. వాడికి చికిత్స కావాలి, వాడి మాట రికార్డులోకి ఎక్కాలి. రెండూ ఆ ఓపీ చీటీతోనే మొదలవుతాయి.