రద్దా? కొట్టివేతా? చెల్లదా?

సందేహం: ఒకే తీర్పును ఒక పత్రిక 'చట్టాన్ని కోర్టు రద్దు చేసింది' అనీ, ఇంకొకటి 'కొట్టివేసింది' అనీ, మరొకటి 'చట్టం చెల్లదని తేల్చింది' అనీ రాశాయి. ఏది సరైనది? న్యాయసమీక్ష, పునఃసమీక్ష ఒకటేనా?

సమాధానం: మూడూ వాడుకలో ఉన్నవే. నన్నడిగితే 'చెల్లదు' అనడమే మేలంటాను.

రద్దు అరబీ నుంచి వచ్చిన మాట. ఉన్నదాన్ని తీసెయ్యడమని మన వాడుక. ఆ పని చట్టం చేసినవాళ్లది. 2021లో మూడు సాగు చట్టాలను రద్దు చేసింది పార్లమెంటు. సుప్రీంకోర్టు అంతకుముందు వాటి అమలును ఆపింది, అంతే. న్యాయసమీక్షలో కోర్టు చట్టాన్ని రాజ్యాంగంతో పోల్చి చూస్తుంది. ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన చట్టం 'ఆ మేరకు' చెల్లదనే 13వ అధికరణమూ అంటోంది. చెల్లని నోటును ఎవరూ చించక్కర్లేదు. కాగితం కాగితంగానే ఉంటుంది, సరుకు మాత్రం రాదు.

ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరం చేసిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ సంగతి సరిగ్గా ఇదే. అది చెల్లదని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. అచ్చుపుస్తకాల్లో మాత్రం సెక్షన్ ఎప్పటిలాగే ఉండిపోయింది. తీర్పు సంగతి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో చేరింది. పోలీసులు ఇంకా దానికిందే కేసులు పెడుతున్నారని 2021లో మళ్లీ ఆ కోర్టుకే ఫిర్యాదు వెళ్లింది! పార్లమెంటు అప్పుడే రద్దు చేసి ఉంటే ఆ వాక్యాలు పుస్తకంలోంచే పోయేవి. ఆ పని 2023లో గానీ జరగలేదు.

'కొట్టివేత'తో చిక్కు వేరు. చట్టాన్ని కొట్టివేస్తే చట్టం పోయినట్టు. దాన్ని సవాలు చేసిన పిటిషన్‌ను కొట్టివేస్తే చట్టం నిలిచినట్టు. 'కొత్త చట్టం: సుప్రీంలో కొట్టివేత' అనే శీర్షిక చదివి ఎవరు గెలిచారో చెప్పండి చూద్దాం.

ఇక రెండో ప్రశ్న. న్యాయసమీక్షలో కోర్టు చూసేది ఇతరులు చేసినదాన్ని: చట్టసభ చట్టాన్నో, ప్రభుత్వ ఉత్తర్వునో. పునఃసమీక్షలో తన తీర్పునే మళ్లీ చూసుకుంటుంది. సుప్రీంకోర్టుకు ఆ అధికారం 137వ అధికరణం ఇచ్చింది. అందరూ రివ్యూ పిటిషన్ అనేది దీన్నే.

న్యాయసమీక్షంటే న్యాయమైన సమీక్ష అనుకునేవారూ ఉన్నారు. న్యాయస్థానం చేసే సమీక్ష అని విడదీసుకోవాలి. చట్టం తెలివైనదా కాదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. అందుకే పిటిషన్ ఓడిపోయినప్పుడు 'చట్టాన్ని కోర్టు సమర్థించింది' అని రాయడమూ నాకు నచ్చదు. 'చెల్లుతుందంది' అంటే సరిపోతుంది.